నాడి చూసే గుడ్డ: ఒడిశాలోని బరంపురంలో చేసిన ప్రసంగ పాఠం

పెద్దలందరికీ నమస్కారం. నేత ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ముందు వరసల్లో ఉన్నారు. మెడికల్ కాలేజీ పిల్లలు, నర్సింగ్ చదివే అమ్మాయిలు వెనక కూర్చున్నారు. మిమ్మల్ని కలిపి కూర్చోబెట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఇవాళ్టి విషయంలో సగం మగ్గం మీద ఉంది, సగం ఆసుపత్రిలో ఉంది. ఒంటి మీద వేసుకున్న గుడ్డే గుండె కొట్టుకోవడాన్ని, ఊపిరిని, చర్మం వేడిని కొలిచి చెప్పే పద్ధతి గురించి మాట్లాడతాను.

స్మార్ట్ వాచీ మీలో చాలామందికి తెలుసు. చర్మంలోకి పచ్చ వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగులో తేడాని బట్టి నాడి లెక్కపెడుతుంది. అది చూసేది మణికట్టు దగ్గర ఒక్క చోటే. గుడ్డ ఛాతీని, వీపుని, పొట్టని, పాదాన్ని తాకుతుంది. పొద్దున వేసుకుంటే రాత్రి దాకా ఒంటినే ఉంటుంది. పెట్టుకోవడం గుర్తుంచుకోవాల్సిన పని కూడా లేదు. ఇన్నేళ్లుగా పరిశోధకులు గుడ్డని పట్టుకుని వదలకపోవడానికి కారణం ఇదే.

ముందు గుండె సంగతి. గుండె ముడుచుకున్న ప్రతిసారీ చిన్న కరెంటు పుడుతుంది. అది ఛాతీ చర్మం మీదికి వచ్చేసరికి సుమారు 1 మిల్లీవోల్టు మిగులుతుంది. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టులు. దానిలో పదిహేను వందలో వంతు అన్నమాట. ఇంత చిన్నదాన్ని పట్టుకోవాలంటే చర్మానికీ యంత్రానికీ మధ్య దారి బాగుండాలి. చర్మం పై పొర ఎండిపోయిన మృతకణాలు. కరెంటుని అంత తేలిగ్గా పోనివ్వదు.

హాలండ్‌లోని లైడెన్ ఊళ్లో ఐంథోవెన్ అనే డాక్టరు 1900 తర్వాతి మొదటి ఏళ్లలోనే ఈసీజీ యంత్రం తయారు చేశాడు. రోగిని కూర్చోబెట్టి, చేతులూ కాలూ ఉప్పునీళ్ల పాత్రల్లో ముంచమనేవాడు. ఆ ఉప్పునీళ్లే అప్పటి ఎలక్ట్రోడ్, అంటే ఒంటి కరెంటుని యంత్రానికి అందించేది. యంత్రం బరువు సుమారు 270 కిలోలు, ఆసుపత్రికి మోసుకెళ్లే వీల్లేదు. అందుకని 1905లో ఆసుపత్రి నుంచి తన ప్రయోగశాల దాకా ఒకటిన్నర కిలోమీటరు టెలిఫోను తీగ మీద రోగి గుండె సంకేతాన్ని రప్పించుకున్నాడు. రోగి ఒకచోట, చూసే డాక్టరు ఇంకోచోట ఉండటం అప్పుడే మొదలైంది. 1924లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ తర్వాత 1940ల్లో అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే ఆయన, మనిషి నడుస్తూ ఉండగానే గుండెని వినాలని 38 కిలోల సామాను వీపుకి కట్టించాడు. ఇప్పుడు హోల్టర్ అంటే జేబులో పట్టే డబ్బా. డాక్టర్లు రాసిస్తుంటారు, మీ ఇళ్లలోనూ ఎవరో ఒకరు పెట్టుకునే ఉంటారు.

డబ్బా చిన్నదైంది గానీ ఛాతీకి అంటించే బిళ్లలు అలాగే ఉన్నాయి. వాటి కింద జిగురుగా ఉండే జెల్ ఉంటుంది చూడండి, అది ఐంథోవెన్ ఉప్పునీళ్ల పనే చేస్తుంది. ఒకరోజు దాటితే జెల్ ఎండిపోతుంది, చర్మం దురద పెడుతుంది. మన సముద్రపు గాలి ఉక్కలో చెమట పట్టి బిళ్ల ఊడిపోతుంది. ఒకరోజు ఈసీజీలో దొరకని గుండె దడ వారమంతా చూస్తే దొరకొచ్చు. బిళ్లలతో వారం గడపడం ఎంత కష్టమో పెట్టుకున్నవాళ్లని అడగండి. ఆ బిళ్ల పని గుడ్డే చేస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన ఇక్కడి నుంచే వచ్చింది.

దానికి కరెంటు పారే దారం కావాలి. ఇప్పుడు ఎక్కువగా వాడేది వెండి పూత పూసిన నైలాన్ దారం. సన్నటి స్టీలు పోగుల్ని పత్తితోనో పాలిస్టర్‌తోనో కలిపి వడికిన దారం ఇంకోటి. కరెంటు పారే ప్లాస్టిక్కులు కూడా ఉన్నాయి. వాటిని కనిపెట్టిన ముగ్గురికి 2000లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. జపాన్‌లో ఎన్‌టీటీ, టోరే కంపెనీలు కలిసి 2014లో అలాంటి ప్లాస్టిక్కుని సన్నటి పోగుల మీద పట్టించి, గుండె సంకేతం పట్టే గుడ్డ తెచ్చాయి.

ముందు వరసల వాళ్లకి ఇప్పుడొకటి చూపిస్తాను. ఇది పాత పట్టుచీర అంచు ముక్క, అసలు జరీ. ఇది కరెంటు పనివాళ్లు వాడే మీటరు. రెండు సూదుల్ని జరీ మీద జానెడు దూరంలో పెడుతున్నాను. (మీటరు కూత వినిపించింది.) విన్నారా? ఇప్పుడు ఈమధ్య చీరది, ప్లాస్టిక్ జరీ. మెరుపు దానికంటే ఎక్కువే ఉంది, మీటరు మాత్రం పలకదు. అసలు జరీలో పట్టు పోగు చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగ చుడతారు, పైన బంగారు పూత ఉంటుంది. లోహం బయటికే ఉంటుంది కాబట్టి సూది తగిలిన చోటల్లా కరెంటు పారుతుంది. ప్లాస్టిక్ జరీలో లోహం పొర ఉన్నా దాన్ని కాపాడే పూత పైన ఉంటుంది.

ఇది చూపించడానికి కారణం ఉంది. 1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రెమీ పోస్ట్, మ్యాగీ ఆర్థ్ అనే ఇద్దరు, గుడ్డ మీదే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కట్టవచ్చని చూపించారు. వాళ్లు ఎంచుకున్న గుడ్డ పట్టు ఆర్గంజా, అంటే పల్చటి పట్టు గుడ్డ. పడుగు, అంటే నిలువు పోగులు, మామూలు పట్టు. పేకలో, అంటే అడ్డం పోగుల్లో, పట్టు పోగు చుట్టూ సన్నటి రాగి రేకు చుట్టి ఉంటుంది. అలాంటి గుడ్డ భారతదేశంలో చాలాకాలంగా నేస్తున్నదే అని వాళ్లే రాసుకున్నారు. అంటే ఈ శాస్త్రం తొలి అడుగుల్లోనే మన నేత ఉంది. దాదాపు ఆ కాలంలోనే, 1996లో, అమెరికాలోనే ఉన్న మరో విశ్వవిద్యాలయం జార్జియా టెక్‌లో మన దేశం నుంచి వెళ్లిన సుందరేశన్ జయరామన్ బృందం సైనికుల కోసం ఒక చొక్కా పని మొదలుపెట్టింది. వెలుగు పారే సన్నటి ప్లాస్టిక్ పోగుల్ని గుడ్డలోనే కలిపి నేశారు. తూటా తగిలి పోగు తెగితే వెలుగు ఆగిపోయి, గాయం ఎక్కడో తెలుస్తుంది.

ఇక ఊపిరి. దీనికి నేసిన గుడ్డ కంటే అల్లిన గుడ్డ నయం. బనీను గుడ్డని దగ్గరగా చూడండి. ఒక ఉంగరంలో ఇంకో ఉంగరం దూరి ఉంటుంది. కరెంటు పారే దారంతో అలా పట్టీ అల్లి ఛాతీ చుట్టూ కడితే, ఊపిరి పీల్చినప్పుడు ఉంగరాలు సాగుతాయి, ఒకదాన్నొకటి తాకే తీరు మారుతుంది, కరెంటుకి అడ్డు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే ఊపిరి లెక్క. చిక్కేమిటంటే సాగిన గుడ్డ వదలగానే పూర్తిగా మునుపటి చోటికి రాదు. పాత బనీను మెడ వదులైపోయినట్టే ఈ పట్టీ కూడా రోజులు గడిచేకొద్దీ కాస్త వదులవుతుంది, దాంతో లెక్క జారుతుంది. అందుకని ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు అన్నది బాగానే చెబుతుంది. ఎంత లోతుగా పీల్చారు అన్నది ఈ పట్టీని అడిగితే మాత్రం జాగ్రత్తగా నమ్మాలి.

ముప్పయ్యేళ్లయినా ఈ చొక్కాలు మన బజారులో ఎందుకు లేవు? నా ఉద్దేశంలో చిక్కు ఎలక్ట్రానిక్స్‌లో లేదు. చిప్పులు చవకయ్యాయి, ఫోను ప్రతి చేతిలో ఉంది. చిక్కంతా గుడ్డ ఒంటిని ఎలా పట్టుకుని ఉంటుంది అన్న దగ్గరే. చెయ్యెత్తితే చొక్కా లాగుతుంది, వెండి దారం ఉన్న చోటు చర్మం మీద జారుతుంది. ఆ జారుడుకి పుట్టే అలజడి గుండె సంకేతం కంటే పెద్దగా ఉంటుంది. గుడ్డ వదులుగా ఉండి రుద్దుకుంటే, పాలిస్టర్ అయితే మరీనూ, స్టాటిక్ కరెంటు పుట్టి గీతలన్నీ చెడగొడుతుంది. బిగించి కట్టేస్తే మనిషి ఊపిరాడక విప్పేస్తాడు. ఎంత బిగువు, ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు అన్నది నేతగాడికీ దర్జీకీ తెలిసిన విద్య.

చెమట సంగతి కూడా చెప్పాలి. ఇందాక ఈ ఛాతీ పట్టీని ఒక అబ్బాయి కట్టుకున్నాడు కదా. కట్టగానే తెర మీద గుండె గీత పిచ్చిపిచ్చిగా ఊగింది. ఇప్పుడు చూడండి, కోణం కోణం విడివిడిగా కనబడుతోంది. మధ్యలో మనం చేసిందేమీ లేదు. పట్టీ కింద సన్నగా చెమట పట్టింది. ఉప్పునీళ్లు చేరాయి, దారి దొరికింది. ఏసీ గదిలో కూర్చున్న మనిషి కంటే మన బరంపురం మనిషికి ఈ గుడ్డ త్వరగా పనిచేస్తుంది. చెమట మరీ ఎక్కువై, పక్కపక్కనున్న రెండు వెండి చారలూ తడిసి కలిసిపోతే సంకేతం మళ్లీ పోతుంది. అందుకని మధ్యలో తడి పాకని గుడ్డ ఉండాలి.

ఈ మాట దగ్గర ఫోడా కుంభ, అంటే మన బరంపురం పట్టుచీర, నేసేవాళ్లని కాస్త ఆగి వినమంటాను. మన పట్టుకి 2012లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఏ నేర్పుకి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. చీర ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. పేక దారాన్ని అటూ ఇటూ తిప్పే నాడెలు మూడింటితో నేస్తారు. అంచు పేక అంచులోనే తిరిగి వెనక్కి వస్తుంది, ఒంటి పేక ఒంటిలోనే తిరుగుతుంది, కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గుడి గోపురం పళ్లలా కుంభం లేస్తుంది, ఒక రంగు ఇంకో దానిలోకి పాకదు. ఒంటిని కొలిచే సెన్సర్ గుడ్డకి కావలసింది కూడా ఇదే. వెండి పేక ఒక చోట మొదలై, అక్కడక్కడే తిరిగి, హద్దు దాటకుండా ఆగాలి. దాటితే రెండు చారలు కలిసి షార్ట్ అవుతుంది. చాలాచోట్ల మామూలు గుడ్డ మీద వెండి గుడ్డ ముక్కలు కోసి అంటిస్తున్నారు, లేదా కుడుతున్నారు. అంటించిన చోట గట్టిపడి ఒంటిని గీరుతుంది, కుట్టిన చోట ముందు తెగుతుంది. అతుకు లేకుండా మగ్గం మీదే నేసేయగల చేతులు ఈ హాల్లో ఉన్నాయి.

ముందు వరసలో తాతగారు ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండి తాతగారూ. ఉతికితే ఉంటుందా అని అడుగుతున్నారు. అసలు ప్రశ్న అదేనండీ. 2017లో గూగుల్, లీవైస్ కలిసి మునివేళ్లతో తాకితే ఫోను నడిపే జాకెట్టు తెచ్చాయి. చాలా పేరొచ్చింది. పది ఉతుకుల దాకానే భరోసా ఇచ్చారు. 2023లో దాని సేవలు ఆపేశారు. పది ఉతుకులంటే మన ఎండాకాలంలో చొక్కాకి రెండు వారాలు కూడా రాదు. వెండి పూతకి బ్లీచింగ్ పడదు. బండ మీద బాదితే, మెలిపెట్టి పిండితే పూత రాలుతుంది. గుడ్డలు మెత్తగా ఉండటానికి పోసే కండిషనర్ దారం మీద పొరలా పట్టి కరెంటుని అడ్డుతుంది. గాలికి వెండి నల్లబడుతుంది, అది మీకు కాలి పట్టీల దగ్గరే తెలుసు. అన్నిటికంటే ముందు పాడయ్యేది మెత్తటి దారం గట్టి డబ్బాకి కలిసే చోటు, అంటే ప్రెస్ బటన్ దగ్గర. అక్కడ దారం ఒకేచోట మడతపడి మడతపడి తెగుతుంది. ఎవరైనా ఇలాంటి గుడ్డ అమ్మజూపితే మెరుపు చూడకండి, ఆ బటన్ చుట్టూ ఉన్న కుట్టు తిరగేసి చూడండి.

ఆడవాళ్ల సంగతి దాదాపు ఎవరూ ఆలోచించడం లేదు. ఈ బనీన్లు చాలావరకు వ్యాయామం చేసే మగవాళ్ల ఛాతీ కొలతలకి కుట్టినవి. మన అమ్మలు చీర కడతారు. వాళ్లని బిగుతు బనీను వేసుకోమంటే ఒకరోజు కూడా వేసుకోరు. వాళ్లు రోజూ వేసుకునే రవిక ఒంటి కొలత తీసి కుట్టింది. దాని కింది పట్టీ రొమ్ము కింద పక్కటెముకల చుట్టూ హత్తుకుని ఉంటుంది. ఛాతీ పట్టీ కట్టేది సరిగ్గా అక్కడే. ముందు లోహపు హుక్కులు కూడా ఉన్నాయి. రవిక పట్టీ లోపలి వైపు రెండు వెండి చారలు నేసిన బద్దీ వేస్తే, కొత్తగా ఏమీ తొడుక్కోకుండా గుండె లెక్క వస్తుంది. రవికలు కుట్టే దర్జీ అమ్మలు లేకుండా ఈ పని జరగదని నా గట్టి నమ్మకం.

ఇదంతా ఎవరి కోసం? ముందుగా ఎండలో పనిచేసేవాళ్ల కోసం. 1998 ఎండాకాలం పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క ఏడు ఒడిశాలో వడదెబ్బకి రెండు వేల పైచిలుకు మంది పోయారు. మన తీరంలో ఉష్ణోగ్రత అంకె పడమటి జిల్లాల కంటే తక్కువే కనిపిస్తుంది గానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒంటి వేడి దిగుతుంది. కారిపోయిన చెమట వల్ల నీరు పోవడమే తప్ప చల్లదనం రాదు. అప్పుడు గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. వేడిలో పనిచేసేవాళ్ల కోసం నిపుణులు పెట్టిన హద్దు ఒకటుంది. 180లోంచి వయసు తీసేయండి. నలభై ఏళ్ల మనిషికి 140. నాడి కొన్ని నిమిషాల పాటు దానికి పైనే ఉంటే పని ఆపి నీడకి రావాలి. చొక్కా లేకపోయినా మణికట్టు మీద వేళ్లు పెట్టి ఎవరైనా చూసుకోవచ్చు. ఇవాళే నేర్చుకోండి, ఇంట్లోవాళ్లకి నేర్పండి. చొక్కా వల్ల లాభం ఏమిటంటే, పని టెన్షన్‌లో చూసుకోవడం మరిచిపోయిన మనిషి తరఫున అది చూస్తూ ఉంటుంది. మన గంజాం జిల్లా పిల్లలు వేలకు వేలు సూరత్ పవర్‌లూముల్లో ఉన్నారు. ఇటు ఇచ్ఛాపురం దాటితే ఉద్దానం, కిడ్నీ జబ్బుతో ఊళ్లకు ఊళ్లు కుంగిపోయాయి. ఆ జబ్బుకి ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. ఎండలో ఒంట్లో నీరు పదేపదే ఇంకిపోవడం కూడా అనుమానాల్లో ఒకటి. అలాంటి చోట పనిచేసేవాళ్ల నాడి, చర్మం వేడి రోజంతా తెలిస్తే డాక్టర్లకి ఎంతో మేలు.

రెండోది షుగరు పాదం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది. నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు బయటపడేలోపే లోపల వాపు మొదలై ఆ చోటు వేడెక్కుతుంది. రెండు పాదాల్లో ఒకే చోట వేడి చూసినప్పుడు 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా వరుసగా రెండు రోజులు ఉంటే నడక తగ్గించి డాక్టరుకి చూపించమంటారు. ఆ తేడా పట్టే సాక్సులు అమెరికాలో ఇప్పటికే వాడుతున్నారు. మన దగ్గర సాక్సులు వేసుకునేవాళ్లు తక్కువ, చెప్పులు ఎక్కువ. చెప్పులో పరిచే గుడ్డగా చేయాలి. నర్సింగ్ పిల్లలకి ఇది మంచి ప్రాజెక్టు.

గుడ్డ చేయలేనివి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనలు మిమ్మల్ని మోసం చేయగలవు. చెమటలోంచి రక్తంలో షుగరు చెబుతామనే మాటని నమ్మి మందు మోతాదు మార్చకండి. చెమటలో షుగరు చాలా తక్కువ, రక్తంలో హెచ్చుతగ్గులతో అది సరిగ్గా నడవదు. రెండు చారల పట్టీ గుండె లయ చెబుతుంది, గుండెపోటుని పట్టుకోదు. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చల్లటి చెమట వస్తే ఫోను తెర చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

చివరిగా ఒక భయం కూడా ఉంది. ఈ గుడ్డ చెప్పే అంకె ఎవరి దగ్గరికి వెళుతుంది? కూలీకి యజమాని ఈ చొక్కా ఇస్తే, నాడి పెరిగినప్పుడు నీడలో కూర్చోబెడతాడా, రేపటి నుంచి రావద్దంటాడా? 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఉన్నా, కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు అడగాల్సింది మనమే. అంకె ముందు వేసుకున్న మనిషికి కనబడాలి. ఆ మనిషి ఒప్పుకుంటేనే డాక్టరుకి వెళ్లాలి. యజమానికి వెళ్లాల్సింది ఒకటే మాట: ఇతనికి ఇప్పుడు విశ్రాంతి కావాలి. అంతకు మించి వెళ్తే ఆ చొక్కా వేసుకోకండి.

బల్ల మీద వెండి పూత నైలాన్ కండెలు రెండు పెట్టాను. ఒకటి సన్నది, ఒకటి ముతకది. మగ్గం మీద కాటన్ పడుగు ఉన్నవాళ్లు తీసుకెళ్లండి. అరచేతి వెడల్పు బద్దీలో, వేలెడు పొడుగు వెండి చారలు రెండు, మధ్యలో బెత్తెడు ఎడం, కుంభం అతుకుతో నేసి చూడండి. దారం ఎక్కడ తెగిందో, పన్నెలో ఎక్కడ ఒరుసుకుందో గుర్తుపెట్టుకుని చెప్పండి. మెడికల్ కాలేజీ పిల్లలు మీ ఫోను నంబర్లు వాళ్లకి ఇవ్వండి. బద్దీ తయారయ్యాక మామూలు ఈసీజీ పక్కన పెట్టి రెండు గీతలూ పోల్చి చూసే పని మీది.